ఆ రెండు దీపాలే రక్ష

విశాఖపట్నం: రాత్రివేళ తీరాన నిలబడి చూసేవారికి సముద్రంపై మినుకుమనే దీపాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. రేవుకు వచ్చే నౌకను నడిపేవారికి మాత్రం ఒక్కో రంగు ఒక్కో సంగతి చెబుతుంది. వాటిని చూసే వారు నౌకను పక్కకు మళ్లిస్తారు. మరపడవల్లోని కలాసీల ప్రాణాలు ఆ దీపాలపైనే ఆధారపడి ఉంటాయి.

నౌకలు ఢీకొనకుండా 1972లో రూపొందించిన అంతర్జాతీయ నిబంధనలు 1977 జులై 15 నుంచి అమల్లో ఉన్నాయి. వీటిలో 26వది చేపల పడవలకు సంబంధించినది. ట్రాలు వల లాగుతున్న పడవ పైన ఆకుపచ్చ, దాని కింద తెలుపు దీపం వెలిగించాలి. ఇతర వలలు, గాలపు తాళ్లతో వేటాడే పడవకు పైన ఎరుపు, కింద తెలుపు. ఇవి నలుదిక్కులా కనబడాలి. పడవ సాగుతుంటే ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ, వెనుక తెలుపు దీపాలు అదనం. ట్రాలు కాని వల 150 మీటర్లకు మించి పరచుకుంటే, వల ఉన్న దిక్కున మరో తెల్లదీపం తప్పనిసరి.

దారి ఇవ్వాల్సింది నౌకే

వల నీటిలో ఉన్న పడవ ఉన్నపళంగా తిరగలేదు. అందుకే యంత్రంతో నడిచే నౌకే దానికి దారి ఇవ్వాలని 18వ నిబంధన చెబుతోంది. ఇరుకు జలమార్గాల్లో మాత్రం ఇతర నౌకల రాకపోకలకు వేటపడవ అడ్డు రాకూడదు. వేట ముగించి తిరిగివస్తూ ఆ దీపాలను ఆర్పకపోవడమూ తప్పే. అప్పుడు దానిని మామూలు పడవగానే పరిగణిస్తారు.

అసలు చిక్కు డెక్కుపై వెలిగించే పెద్ద దీపాలతోనే. ఆ వెలుగులో రంగుదీపాలు మరుగున పడతాయి. పడవ ఉందని తెలుస్తుంది గానీ ఏం చేస్తోందో, ఎటు పోతోందో తెలియదు. 2021 ఏప్రిల్‌లో మంగళూరు సమీప సముద్రంలో రాత్రిపూట సరుకు నౌక, చేపల పడవ ఢీకొన్నాయి. కారణం ఏదైనా, పడవలోని 14 మందిలో ఇద్దరినే ప్రాణాలతో కాపాడగలిగారు.

పగలు డమరుకం

పగటిపూట రెండు శంకువులను మొనలు కలిసేలా ఒకదానిపై ఒకటి వేలాడదీయాలి. దూరం నుంచి అచ్చం డమరుకంలా ఉంటుంది. 20 మీటర్లలోపు పడవలు బుట్ట కట్టినా చాలునని మొదట్లో ఉండేది. తరువాత ఆ వెసులుబాటును తొలగించారు. తెడ్డుతో నడిచే తెప్పలో కనీసం టార్చిలైటో లాంతరో సిద్ధంగా ఉంచుకొని, నౌక దగ్గరపడక ముందే చూపాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధ సమయంలో ఇంజిన్లు, వలలు బాగుచేయించుకోవడం తూర్పు తీరంలో ఆనవాయితీ. ఉప్పుగాలికి మసకబారిన దీపాల అద్దాలు, తుప్పుపట్టిన తీగలు కూడా అప్పుడే మార్చుకోవచ్చు.