లక్ష్యం ఎవరిది?

బిడ్డ దిగులుతో గది దాటి రాకపోతే మనం డాక్టరును అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "మళ్లీ చదువులో ఎప్పుడు పడతాడు?" ఆ బిడ్డకు ఏం కావాలో అడిగేదెవరు?

ఇంగ్లండులో పిల్లల, యువకుల మానసిక ఆరోగ్య కేంద్రాలు చాలావాటిలో ఒక పద్ధతి ఉంది. చికిత్స మొదట్లోనే బిడ్డ తన లక్ష్యాలు తాను చెప్పుకోవాలి. మూడు దాకా పెట్టుకోవచ్చు. ఒక్కోదానికి 0 నుంచి 10 వరకు తానే అంకె వేయాలి. 0 అంటే అడుగే పడలేదు, 10 అంటే చేరుకున్నట్లు. మధ్య మధ్య మళ్లీ అంకె వేస్తారు. అది కదలకపోతే చికిత్స తీరు గురించి మళ్లీ మాట్లాడుకుంటారు.

తల్లి "పరీక్ష పాసవ్వాలి" అంటే, కూతురు "రాత్రి నిద్ర పట్టాలి, బస్సెక్కాలంటే భయం పోవాలి" అనవచ్చు. నిద్రే లేని పిల్ల పరీక్ష ఎలా రాస్తుంది?

మన దేశంలో 2022 అక్టోబరు 10న టెలి మానస్ మొదలైంది. 14416కు ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే క్షణం ఆగవద్దు. లేకుంటే ముందు పక్కన కూర్చుని "నీకేం కావాలి బేటా?" అని అడుగుదాం. జవాబు మనకు నచ్చకపోయినా విందాం.