కెరటం కన్నా ముందు రాయి

ఆయిల్ రంగుల్లో రాళ్ల తీరాన్ని తొలిసారి గీసేటప్పుడు మనసంతా కెరటం మీదే ఉంటుంది. కానీ బొమ్మ నిలిచేది రాతి మీద. రాయి కుదిరితే నీరు దాన్ని ఎలా చుట్టుకుని పారాలో తేలిగ్గా తెలుస్తుంది. రాయి కుదరకపోతే ఎంత నురగ వేసినా అది పొగలాగే కనిపిస్తుంది.

మన మైలవరం వాళ్లకు అందుబాటులో ఉన్న సముద్రం బందరు పక్కన మంగినపూడి. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నల్లమట్టి తీరమది. అక్కడ రాళ్ల మీద విరిగే కెరటం దొరకదు. దానికి విశాఖ వెళ్లాలి. యారాడ, తెన్నేటి పార్కు, రుషికొండ దగ్గర తూర్పు కనుమలు సముద్రందాకా వస్తాయి. ఆ కనుమల వరుసే మనకు విజయవాడ దారిలో కొండపల్లి దగ్గర కనిపిస్తుంది. రాయి రకంలో తేడా ఉన్నా, సాధనకు ఆ కొండలు చాలు. ఒక బండను ఎంచుకుని దాని పై పలక, పక్క పలక, నీడలో ఉన్న పలక ఎక్కడ విడిపోతున్నాయో పెన్సిల్‌తో గీయండి. ఈ మూడూ వేరుగా తెలిస్తే రాయికి బరువు వస్తుంది.

తర్వాత వెలుగు. విశాఖ తీరం తూర్పువైపు చూస్తుంది. పొద్దున సూర్యుడు సముద్రం మీద ఉంటాడు కాబట్టి ఒడ్డు నుంచి చూస్తే రాళ్లు నల్లగా, ముద్దగా ఉంటాయి. కెరటం పైఅంచు పలచనై, వెలుగు అందులోంచి దూరి ఆకుపచ్చగా మెరుస్తుంది. మధ్యాహ్నం తర్వాత, కొండ నీడ పడేలోపు, ఎండ మన వెనక నుంచి పడి రాతి పలకలు విడివిడిగా తెలుస్తాయి. కొత్తవాళ్లకు ఇదే సులువు. పొద్దుటి కెరటాన్ని సాయంత్రపు రాతి పక్కన పెడితే మాత్రం బొమ్మ అతకదు.

రంగులు ఆరు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఆకర్, బర్న్‌ట్ సియన్నా, బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ, విరిడియన్. విశాఖ కొండల్లోని ఖోండలైట్ రాయి ఎర్రగోధుమగా మారేది అందులోని ఇనుము వల్ల. బర్న్‌ట్ సియన్నాకు రంగు వచ్చేదీ ఇనుము వల్లే. అందుకే ఆ రాతికి అది అంత బాగా కుదురుతుంది. నీడకు నల్లరంగు వద్దు. అంబర్‌లో అల్ట్రామెరైన్ కలపండి. నీళ్లు తగిలే చోట రాయి ఇంకా ముదురుగా ఉండాలి.

12×16 అంగుళాల కాన్వాస్ మీద ముందు టర్పెంటైన్‌తో పలచన చేసిన రంగుతో ముదురు భాగాలు వేయండి. దిగంత రేఖ తిన్నని అడ్డగీతలా సమంగా, బొమ్మ నడిమధ్యకు కాస్త పైనో కిందో ఉండాలి. పై పొరల్లో అవిసె నూనె పాలు పెంచండి. టర్పెంటైన్ ఆవిరైపోతుంది, నూనె మాత్రం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పొర కింద, తక్కువున్నది పైన ఉంటే, పైది ముందే ఆరి, తర్వాత పగులుతుంది.

నురగ చివర వేయాలి. అది అంతా తెలుపు కాదు. నీడలో ఉన్న నురగ నీలి బూడిద రంగులో ఉంటుంది. ఎండ తగిలిన కొద్దిచోట్లే మందంగా తెలుపు పెట్టి వదిలేయండి. రాతి మీంచి జారే నీటిని ఆ పలక వాలు వెంటే లాగండి.

బొమ్మ ఆరాక కనీసం ఆరు నెలలు ఆగి వార్నిష్ వేయండి. అవిసె నూనె పీల్చిన గుడ్డలు కుప్పగా ఉంటే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని నీళ్లు పోసిన, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.

విశాఖ ప్రయాణం కుదిరేదాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారమే కొండపల్లి వెళ్లి ఒక బండ ముందు కూర్చోండి.