డీప్ డిష్ పిజ్జా, స్టఫ్డ్ పిజ్జా

డీప్ డిష్ పిజ్జా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని చికాగో నగరంలో 1943లో పుట్టిన ఒక పిజ్జా రకము. అంచులు ఎత్తుగా గల గుండ్రని ఉక్కు పళ్ళెంలో పిండిని అడుగునా, గోడల వెంబడీ పరచి, అందులో చీజ్, మాంసము లేదా కూరగాయలు, అన్నిటికంటే పైన టమాటా వేసి అరగంటకు పైగా కాల్చి దీనిని తయారు చేస్తారు. స్టఫ్డ్ పిజ్జా దీనికి తమ్ముడి వంటిది. ఇది కూడా చికాగోలోనే 1974 ప్రాంతంలో మొదలయినది. ఇందులో లోపలి పదార్థాల మీద మరొక పిండి పొరను కప్పి, ఆ పొర మీద టమాటా పోస్తారు. ఇవి రెండూ చేతితో మడిచి తినడానికి వీలైనవి కావు, ఫోర్కు, కత్తి కావలసినదే. "వీటిలో మేలైనది ఏ దుకాణంలో దొరుకుతుంది?" అన్నది చికాగో వెళ్ళినవారందరూ అడిగే ప్రశ్న. దుకాణం పేరును బట్టి కాక పిండిని బట్టి ఈ ప్రశ్నకు సమాధానం వెదకడం మంచిది. ఎందుచేతనో ఈ వ్యాసంలో చూడవచ్చును.

పేర్లలో గందరగోళం

మన నగరాలలో పిజ్జా తినేవారికి "పాన్ పిజ్జా" అన్న మాట బాగా పరిచయమే. పిజ్జా హట్ సంస్థ 1980లో ప్రవేశపెట్టిన ఈ రకంలో పిండి రొట్టెలాగా పొంగి మందంగా ఉంటుంది. డీప్ డిష్ పిజ్జా కూడా ఇటువంటిదే అనుకోవడం పొరపాటు. డీప్ డిష్‌లో లోతుగా ఉండేది పళ్ళెము మాత్రమే, పిండి పొర కాదు. పిండి పొర నిజానికి పలుచగానో, ఒక మోస్తరు మందంగానో ఉంటుంది. ఆ గిన్నె వంటి ఆకారాన్ని నింపేవి చీజ్, టమాటాలే.

అలాగే "స్టఫ్డ్ క్రస్ట్" అన్నది వేరు, "స్టఫ్డ్ పిజ్జా" వేరు. మొదటిది 1995లో పిజ్జా హట్ వారే అమ్మకానికి పెట్టినది. ఇది మామూలు పిజ్జాయే, కాకపోతే చుట్టూ ఉండే అంచులో మాత్రం చీజ్ చుట్టి ఉంటుంది. రెండవది చికాగో వంటకము, పైనా క్రిందా పిండి ఉండి మధ్యలో చీజ్ కూరి ఉంటుంది. మన బొబ్బట్టులో పూర్ణాన్ని పిండి అన్నివైపులా ఎట్లా మూసి ఉంచుతుందో ఇదీ అట్లాగే. పేరు చూసి అడిగి, తీరా వేరొకటి వచ్చిన తరువాత నిరాశ చెందేవారు చాలామంది కనుక ఈ భేదాన్ని ముందుగా చెప్పవలసి వచ్చినది.

చరిత్ర

1943లో ఐక్ స్యూవెల్, రిక్ రికార్డో అను ఇద్దరు చికాగోలో ఓహాయో వీధి, వాబాష్ అవెన్యూ కలిసే మూలన ఒక పిజ్జా దుకాణం తెరిచారు. స్యూవెల్ టెక్సాస్ రాష్ట్రమువాడు, మద్యం కంపెనీలో ఉద్యోగి. రికార్డో అప్పటికే నగరంలో పేరున్న భోజనశాల యజమాని, చిత్రకారుడు కూడా. వీరు మొదట మెక్సికో వంటల భోజనశాల పెట్టదలచారని, రికార్డోకు ఆ భోజనం సరిపడక మనసు మార్చుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ మాట ఎట్లా ఉన్నా, స్యూవెల్ 1963లో సూ కాసా అనే మెక్సికో వంటల భోజనశాలను తెరిచి తన కోరిక తీర్చుకున్న మాట నిజము.

పిజ్జా దుకాణాన్ని తొలుత ఉత్త "ద పిజ్జేరియా" అని, తరువాత "పిజ్జేరియా రికార్డో" అని పిలిచేవారు. 1954లో రికార్డో మరణించాడు. 1955లో దగ్గరలోనే రెండవ దుకాణం తెరిచి దానికి "డూయే" అని పేరు పెట్టడంతో మొదటిది "ఊనో" అయినది. ఇటాలియన్ భాషలో ఊనో అనగా ఒకటి, డూయే అనగా రెండు. 1979లో బోస్టన్‌లో శాఖ వెలసిన తరువాత ఊనో పేరు దేశమంతటా వ్యాపించినది.

డీప్ డిష్‌ను అసలు కనిపెట్టినది ఎవరు అన్నది తేలని తగవు. యజమానులే కనిపెట్టారని ఒక వాదము. అక్కడ పనిచేసి తరువాత నిర్వాహకుడైన రూడీ మల్నాటిదే ఆ ఘనత అని అతని వారసుల వాదము. చికాగో నగరానికి సాంస్కృతిక చరిత్రకారుడుగా ఉండిన టిమ్ శామ్యూల్సన్, ఫలానావారే అని తేల్చడానికి తగినన్ని ఆధారాలు లేవని చెప్పాడు. రూడీ కుమారుడు లూ మల్నాటి 1971లో లింకన్‌వుడ్ అనే శివారు పట్టణంలో తన పేరుతోనే దుకాణం పెట్టాడు. 1978లో అతడు మరణించిన పిదప కుటుంబంవారు దానిని పెద్ద సంస్థగా పెంచారు. రూడీ మరొక కుమారుడు, రూడీ మల్నాటి జూనియర్, 1991లో పిజానోస్ అనే దుకాణాన్ని ఆరంభించాడు.

ఈ తగవులో వినిపించే పేర్లన్నీ యజమానులవి, నిర్వాహకులవి. వంటశాలలో పిండి కలిపినవారి పేర్లు అరుదుగా వినిపిస్తాయి. వారిలో ముఖ్యురాలు ఆలిస్ మే రెడ్మండ్ అనే ఆఫ్రికన్ అమెరికన్ వంటమనిషి. ఆమె ఊనో వంటశాలలో పనిచేసింది. పాత పద్ధతిలో కలిపిన పిండి సరిగా సాగడం లేదని గమనించి తనదైన మార్పు చేసిందని, ఆ కిటుకును బయటపెట్టలేదని చెబుతారు. 1966లో ఇద్దరు టాక్సీ డ్రైవర్లు తమ మిత్రునితో కలిసి "జీనోస్ ఈస్ట్" అనే దుకాణం పెట్టారు. వారికి పిజ్జా చేయడం తెలియదు, అందుచేత రెడ్మండ్‌ను తమ వద్దకు రప్పించుకున్నారు. జీనోస్ ఈస్ట్‌కు నగరంలో వచ్చిన పేరుకు ఆమె చేతి పిండే మూలము. రెండు ప్రసిద్ధ దుకాణాల రుచి ఒక మనిషి చేతిమీదుగా సాగినదన్న మాట. అయినా ఏ దుకాణపు బోర్డు మీదా ఆమె పేరు లేదు. డీప్ డిష్‌కు కర్త ఎవరని అడిగేవారు, కనిపెట్టినవారితో పాటు దానిని తినదగినదిగా చేసినవారిని గురించి కూడా అడగడం న్యాయము.

స్టఫ్డ్ పిజ్జా పుట్టుక

స్టఫ్డ్ పిజ్జా ఇటలీ దేశపు ఈస్టర్ పండుగ వంట నుండి వచ్చినది. దక్షిణ ఇటలీలోని పొతెంజా నుండి వలస వచ్చిన రోకో పలేజే, తన తల్లి పండుగకు చేసే "స్కార్చెడ్డా" అనే వంటకాన్ని ఆధారం చేసుకొని 1974లో దీనిని తయారు చేశాడు. రెండు పిండి పొరల మధ్య చీజ్, గ్రుడ్లు, మాంసము పెట్టి కాల్చేది ఆ వంటకము. తన దుకాణానికి భార్య పేరుతో "నాన్సీస్" అని పేరు పెట్టాడు. అదే సంవత్సరము ఎఫ్రెన్, జోసెఫ్ బోలియో అను సోదరులు "జొర్దానోస్" దుకాణాన్ని ఆరంభించి, తమ పిజ్జాకు తమ తల్లి చేసే ఈస్టర్ వంటకమే మూలమని చెప్పారు. ఎవరు ముందు అన్న తగవు ఇక్కడా ఉన్నది. రెండు కథలలోనూ తల్లి వంటే మూలము కావడం గమనించదగినది. జొర్దానోస్ సంస్థ 2011లో దివాలా రక్షణ కోరవలసి వచ్చినా, యాజమాన్యం మారి తిరిగి నిలదొక్కుకున్నది.

తయారు చేయు విధానము

డీప్ డిష్ పిండిలో నూనె లేదా వెన్న ఎక్కువగా ఉంటుంది. మైదాకు కొందరు కొంచెం మొక్కజొన్న పిండిని చేర్చుతారు. మామూలు పిజ్జా పిండిని బాగా పిసికి, సాగదీసి చేస్తారు. దీనిని అట్లా పిసకరాదు. ఒకటి రెండు నిముషాలు మాత్రమే కలిపి వదలాలి. ఎక్కువగా పిసికితే పిండిలోని గ్లూటెన్ బలపడి, కాలిన తరువాత నమలడానికి రబ్బరులాగా ఉంటుంది. తక్కువగా కలిపి కొవ్వు ఎక్కువ చేర్చితే బిస్కత్తులాగా పొరలు పొరలుగా, గుల్లగా విరుగుతుంది. కజ్జికాయల పిండిలో కాచిన నెయ్యి పోసి కలిపే గృహిణులకు ఈ సూత్రాన్ని వేరుగా చెప్పనవసరం లేదు.

పళ్ళెము సుమారు రెండు అంగుళాల లోతు ఉంటుంది. దానికి నూనె ధారాళంగా రాసి, పిండిని వేళ్ళతో నొక్కుతూ గోడల మీదికి ఎక్కిస్తారు. మొదట మోజరెల్లా చీజ్ ముక్కలు పరుస్తారు. ఆ మీద సోంపు చేర్చిన పంది మాంసపు సాసేజ్, లేదా కూరగాయలు వేస్తారు. చివరకు చిదిమిన టమాటాలు, కొద్దిగా గట్టి చీజ్ పొడి, ఎండు ఆకులు చల్లుతారు. మామూలు పిజ్జాలో టమాటా క్రింద, చీజ్ పైన ఉంటాయి. ఇక్కడ క్రమం తారుమారు కావడానికి కారణము కాల్చే సమయము. నేపుల్స్ పద్ధతిలో చేసే పిజ్జా కట్టెల పొయ్యిలో ఒకటిన్నర నిముషంలోపే కాలిపోతుంది. డీప్ డిష్ ముప్పయి నుండి నలభై అయిదు నిముషాలు ఓవెన్‌లో ఉండాలి. అంతసేపు చీజ్ పైన ఉంటే మాడిపోతుంది. టమాటా పైన ఉంటే దాని నీరు మెల్లగా ఇగిరి రుచి చిక్కబడుతుంది, క్రింద చీజ్ మాడకుండా ఉంటుంది.

మన దిబ్బరొట్టె సంగతి ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. మూకుడులో నూనె ధారాళంగా వేసి, సన్నని సెగ మీద ఓపికగా కాలనిస్తేనే దాని అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, తొందరపడితే లోపల పచ్చిగా ఉంటుంది. డీప్ డిష్‌కూ ఇదే న్యాయము వర్తిస్తుంది.

స్టఫ్డ్ పిజ్జాకు పళ్ళెము ఇంకా లోతుగా ఉంటుంది. చీజ్ కూడా ఎక్కువ పడుతుంది. పై పొర చాలా పలుచగా వత్తి, అంచులు కలిపి నొక్కి, ఆవిరి పోవడానికి గాట్లు పెడతారు. ఆపైన టమాటా పోస్తారు. పైపొర చీజ్‌కూ టమాటాకూ నడుమ చిక్కుకుపోయి ఉండడం వలన దానికి పొడి వేడి తగలదు. అందుచేత అది సరిగా ఉడకక జిగటగా మిగిలిపోవడం ఈ పిజ్జాకు సామాన్యమైన దోషము.

మేలైన దానిని గుర్తించడం

ముందుగా ముక్కను ఎత్తి అడుగు చూడాలి. బంగారు రంగులో ఉండి, ఫోర్కుతో తట్టితే చప్పుడు రావాలి. అడుగు తెల్లగా ఉండి వ్రేలాడిపోతే పైన ఎంత చీజ్ ఉన్నా ప్రయోజనం లేదు. చీజ్ తీగలు సాగడం ఫొటోలకు బాగుంటుంది గాని నాణ్యతకు గుర్తు కాదు, వేడిగా ఉన్న ఏ మోజరెల్లా అయినా సాగుతుంది. రెండవది అంచు. పక్క గోడ తనంతట తాను నిలబడాలి. విడిగా తిన్నా బాగుండాలి, పళ్ళెంలో వదిలివేయాలనిపించరాదు. మూడవది టమాటా. ముక్కలు తెలుస్తూ కొద్దిగా పులుపుగా ఉండాలి. తీపి ఎక్కువైతే చక్కెర కలిపారని అనుకోవచ్చు.

పుట్టగొడుగులు, పాలకూర వంటివి నీరు వదులుతాయి. వాటిని ముందుగా వేయించకనో, పిండకనో వేస్తే అడుగు తడిసిపోతుంది. ఒకే పిజ్జాలో అయిదారు రకాలు వేయించుకోవడం ఇందుచేతనే మంచిది కాదు. కొత్త దుకాణాన్ని పరీక్షించదలచినవారు ఒకే పదార్థం వేసినది తెప్పించుకోవాలి. స్టఫ్డ్ పిజ్జా అయితే ముక్కను పక్కనుండి చూసి, టమాటా క్రింద ఉన్న పలుచని పొరను ఫోర్కుతో వేరు చేయాలి. అది పిండి ముద్దలాగా అంటుకుంటే సరిగా కాలలేదని అర్థము. ఈ వ్యాసకర్తకు చికాగోలో మొదటిసారి వడ్డించిన స్టఫ్డ్ పిజ్జా ఈ పరీక్షలో తప్పినది. దుకాణం జనంతో క్రిక్కిరిసి ఉండగా, తొందరలో తీసిన పిజ్జా అది. రద్దీ లేని వేళ మరొక చోట తిన్న తరువాత గాని ఆ వంటకం విలువ తెలియలేదు.

ఇరవై నిముషాలలోపే పెద్ద పిజ్జా బల్ల మీదికి వచ్చినదంటే సగం ముందే కాల్చి ఉంచారని అనుమానించాలి. వచ్చిన తరువాత కూడా అయిదు నిముషాలు ఆగి కోస్తే చీజ్ జారిపోకుండా ఉంటుంది.

పేరున్న దుకాణాలు

ఊనో మొదటి దుకాణం పాత స్థలంలోనే ఉన్నది, చరిత్ర కోసం చూడదగినది. లూ మల్నాటిస్‌లో వెన్న వాసనగల పలుచని అంచు, పళ్ళెమంతా పరచుకునే సాసేజ్ బిళ్ళ ప్రత్యేకము. జీనోస్ ఈస్ట్ పిండి పసుపు రంగులో ఉంటుంది. దాని గోడల మీద వచ్చినవారు పేర్లు వ్రాసిపోవడం ఆనవాయితీ. స్టఫ్డ్ పిజ్జాకు జొర్దానోస్, నాన్సీస్ ప్రసిద్ధములు.

పీక్వాడ్స్ తీరు వేరు. బర్ట్ కాట్జ్ అనే ఆయన దీనిని మార్టన్ గ్రోవ్ అనే శివారు పట్టణంలో స్థాపించాడు. పళ్ళెం అంచు వెంబడి చీజ్ వేయడం వలన అది గోడకు కరుచుకొని నల్లగా, కరకరలాడుతూ కాలుతుంది. చూపుకు మాడినట్లుండే ఆ అంచు కోసమే జనము వస్తారు. కాట్జ్ సాహిత్యాభిమాని కాబోలు, అంతకుముందు తాను పాలుపంచుకున్న దుకాణానికి "గలివర్స్" అని, దీనికి "మోబీ డిక్" నవలలోని ఓడ పేరు పెట్టాడు. 2016లో ఆయన మరణించాడు. అంచును బట్టి నిర్ణయించవలసి వస్తే ఈ వ్యాసకర్త ఓటు పీక్వాడ్స్‌కే.

చికాగోవారు రోజువారీగా తినేది మాత్రం ఎక్కువగా వీటిని కాదు. చతురస్రపు ముక్కలుగా కోసే పలుచని "టావెర్న్" పిజ్జాయే వారి ఇంటి అలవాటు. డీప్ డిష్‌ను బంధువులు వచ్చినప్పుడో, పుట్టినరోజుకో తింటారు.

వాదవివాదాలు

ఇది అసలు పిజ్జాయే కాదని న్యూయార్కువారు ఆక్షేపిస్తారు. 2013 నవంబరులో టెలివిజన్ హాస్య వ్యాఖ్యాత జాన్ స్టీవర్ట్ దీనిని కాసరోల్ అని, అనగా గిన్నెలో కాల్చే కలగూర వంటకమని, ఎగతాళి చేశాడు. చికాగో మేయరు రామ్ ఇమాన్యుయేల్ అందుకు బదులుగా చేపలు వేసిన డీప్ డిష్ పిజ్జా పంపాడు. ఆక్షేపణలో కొంత సబబు లేకపోలేదు. ఇది పిజ్జా పేరుగల ఒక విధమైన పై అనుకొని తింటే నిరాశ ఉండదు.

శాకాహారులకు సూచనలు

చికాగో శివారులైన నేపర్విల్, అరోరా, షాంబర్గ్ ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నవి. అరోరాలోని వేంకటేశ్వరస్వామి ఆలయానికి వెళ్ళే యాత్రికులు కూడా ఈ పిజ్జా రుచి చూడగోరుతారు. శాకాహారులకు పాలకూర వేసిన స్టఫ్డ్ పిజ్జా తగినది. అయితే కొన్ని చీజ్‌ల తయారీలో పాలను విరచడానికి దూడ లేదా గొర్రెపిల్ల కడుపు నుండి తీసిన రెన్నెట్ వాడుతారు. పైన చల్లే రొమానో చీజ్ తరచుగా అటువంటిదే. పట్టింపు ఉన్నవారు ముందుగా అడిగి తెలుసుకొని, అది చల్లవద్దని చెప్పాలి.

ఇద్దరికి చిన్న పరిమాణం చాలు. మిగిలినదానిని మరునాడు మైక్రోవేవ్‌లో పెడితే అడుగు మెత్తబడిపోతుంది. మందపాటి పెనం మీద మూత పెట్టి సన్నని సెగ మీద వేడి చేస్తే తిరిగి కరకరలాడుతుంది. చికాగో వెళ్ళలేనివారికి లూ మల్నాటిస్ వంటి సంస్థలు గడ్డకట్టించిన పిజ్జాలను అమెరికాలోని ఇతర రాష్ట్రాలకు పార్సెల్‌లో పంపుతాయి.