నేల యాకలియే రైతు అప్పునకు మూలము



మన బోనకల్ ప్రాంతపు నల్లరేగడి స్వభావముచే మంచి నేల. కురిసిన వానపదునును చాలకాలము నిలుపుకొనగలదు. ఈ నేలలో నాగార్జునసాగరము ఎడమ కాలువ క్రింద వరియు, తక్కిన చోట్ల ప్రత్తియు, మిరపయు, మొక్కజొన్నయు పండుచున్నవి. అయినను పూర్వము ఒక బస్తా యూరియాతో వచ్చిన పంట నేడు రెండు బస్తాలు వేసినను రాకున్నదని రైతులు తరచుగా చెప్పుచున్నారు. దీనికి కారణమేమి? నివారణమేమి? ఈ రెండు ప్రశ్నలను గూర్చి ఇచ్చట విచారింతము.

నేల యనగా వట్టి మన్ను కాదు. ఆకులు, వేళ్లు, పేడ చివికి మట్టిలో కలిసిన నల్లని పదార్థమే దాని జీవము. సూక్ష్మజీవులకును, వానపాములకును అదియే ఆహారము. మట్టిని గుల్లగా నుంచునదియు, తడిని పట్టి యుంచునదియు, వేసిన ఎరువు కొట్టుకొనిపోకుండ నిలిపి వేళ్లకు కొంచెము కొంచెముగా నందించునదియు అదియే. భూసార పరీక్ష పత్రములో 'సేంద్రియ కర్బనము' అని వ్రాయునది దీని కొలతయే. 2015లో ఆరంభమైన పథకము క్రింద ఇచ్చిన పత్రము మీ యింట నున్నచో తీసి చూడుడు. ఆ అంకె 0.5 శాతమునకు తక్కువైనచో నేల ఆకలితో నున్నదని గ్రహింపవలెను. 0.75 శాతమునకు మించినచో నేల బాగుగ నున్నదని యర్థము.

యూరియా చెడ్డదని చెప్పుట లేదు. 45 కిలోల బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని యుండును. కాని అందు నత్రజని తప్ప మరియొక పోషకము లేదు. నేలకు ఆహారమగు చెత్తయు లేదు. పైగా నత్రజని మితిమీరినచో ఆకు లేతగను, నిగనిగలాడుచును పెరుగును. అట్టి లేత ఆకును పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక మొదలగు రసము పీల్చు పురుగులు మిక్కిలి కోరును. పురుగు వచ్చినంతనే మందు కొట్టుదుము. మందు అరువు తెత్తుము. ఆ మందు పురుగుతోపాటు దానిని తిను అక్షింతల పురుగును, సాలీడును కూడ చంపును. మరల పురుగు, మరల మందు, మరల అరువు! ఆకలిగొన్న నేల నుండి బయలుదేరిన దారి తుదకు వడ్డీ లెక్కల యొద్దకు చేరుచున్నది.

ఇక నివారణము. వరి పొలమునకు పచ్చిరొట్టను మించిన చవుక ఎరువు లేదు. తొలకరి వానలకు ఎకరమునకు సుమారు 12 కిలోల జీలుగ గాని, 6 నుండి 8 కిలోల పిల్లిపెసర గాని చల్లవలెను. జీలుగ నీరు నిలుచు చోటను, కొంత చౌడునను కూడ పెరుగును. పిల్లిపెసరను ఒకసారి పశువులకు కోసి, పిదప దున్నవచ్చును. సుమారు 45 దినములకు, పూత తొడుగు సమయమున, కాండము ముదరక పూర్వమే కలియదున్ని నీరు పెట్టి మురుగనీయవలెను. బాగుగ పెరిగిన జీలుగ పైరు ఒక బస్తా యూరియాకు తక్కువ కాని నత్రజనిని నేలకిచ్చును. అదిగాక చెత్త యంతయు లాభమే.

ప్రత్తి మోళ్లను తగులబెట్టరాదు. వానిలోని కర్బనమును, నత్రజనియు పొగలో పోవును. గులాబీ పురుగు భయముచే కాల్చుచున్నామని కొందరందురు. ఆ భయము న్యాయమైనదే. కాని అందుకు మందు నిప్పు కాదు. పంటను పొడిగింపక సకాలమున ముగించి, మోళ్లను గట్లపై కుప్పవేయక, వెంటనే యంత్రముతో ముక్కలు చేసి నేలలో కలుపవలెను.

పశువులు తగ్గినవి గనుక పేడ చాలదనుటయు నిజమే. కాని కొంచెము పేడతో చాల చెత్తను ఎరువుగా మార్చవచ్చును. ఇండోరులో ఆల్బర్టు హోవర్డు దొర 1931లో ప్రకటించిన పద్ధతి నేటికిని పనికివచ్చును. నీడను చెత్తయు, పేడనీళ్లును పొరలు పొరలుగా వేసి, తడి యారకుండ చూచుచు, సుమారు 15 దినములకును, నెలకును, రెండు నెలలకును తిరుగవేసినచో మూడవ నెల చివరకు మంచి ఎరువగును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. మనలో అనేకులు కౌలుదారులు. ఒక్క యేటి కౌలు పట్టినవాడు వచ్చు సంవత్సరము మరియొకని చేతికి పోవు నేలకు ఎరువు ఏల వేయును? అతనిని తప్పు పట్టుట న్యాయము కాదు. కావున భూయజమానులు కనీసము మూడేండ్లకు కౌలు ఒప్పుకొని, పచ్చిరొట్ట విత్తనపు ఖర్చులో పాలు పంచుకొనవలెను. నేల బాగుపడిన లాభము వారిదే గదా!

ఒక్కడు చేసిన ఏమగునని సందేహించువారికి పునుకుల గ్రామమును చూపుచున్నాను. ఇది పాల్వంచ మండలములోనిది. పూర్వపు ఖమ్మం జిల్లా, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అచ్చటి ప్రత్తి రైతులు పురుగుమందుల అప్పులలో మునిగి యుండగా, సెక్యూర్ అను స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో కొందరు మందు మానిరి. వేసవి లోతు దుక్కులు, వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయము, లింగాకర్షక బుట్టలు, పక్షి స్థావరములు, ఎరపంటగా ఆముదము, బంతి: ఇవియే వారి ఆయుధములు. వారి పొలములను చూచి ఇరుగుపొరుగువారు చేరిరి. స్త్రీల సంఘములు పట్టుబట్టినవి. 2004లో గ్రామ పంచాయతీయే తమ యూరు పురుగుమందులు లేని గ్రామమని తీర్మానించెను. పిమ్మట ఉమ్మడి రాష్ట్రమున గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘముల ద్వారా ఈ సాగును అనేక జిల్లాలకు వ్యాపింపజేసెను.

పురుగునకు గట్టు అడ్డము కాదు. అందుచేతనే ఊరంతయు కలిసినచో పని సులభమైనది. నేల పోషణమునందును అంతే. జీలుగ విత్తనము కలిసి తెచ్చుకొన్న ధర తగ్గును. మోళ్లు నరుకు యంత్రము ఒక్కని శక్తికి మించినదైనను సంఘమునకు భారము కాదు.

నా మాట నమ్మి పొలమంతయు మార్చవలదు. ఈ తొలకరికి ఒక్క ఎకరమున పచ్చిరొట్ట వేయుడు. ప్రక్క ఎకరమును ఎప్పటివలెనే సాగుచేయుడు. రెంటికిని అయిన ఎరువుల ఖర్చును, మందుల ఖర్చును, వచ్చిన ధాన్యమును వేరు వేరుగ పుస్తకమున వ్రాయుడు. నేల ఒక్క యేట పూర్తిగ కోలుకొనదు గనుక మూడేండ్లు విడువక వ్రాసి, ఆ లెక్కలను సంఘ సమావేశమునకు తెండు. పదిమంది లెక్కలు ఒకచోట చేరినప్పుడు, ఏ యెకరము రైతును నిలబెట్టినదో ఎవరును చెప్పనక్కరలేదు.