మీకు తెలుసా? గుడ్ల అట్టలో చదివి పారేసిన పేపరు!

కిరాణా కొట్లో 30 కోడిగుడ్లు పేర్చే బూడిదరంగు అట్టను తయారుచేసేది చాలావరకు పాత పేపర్లు, అట్టపెట్టెలతోనే. ఆ రంగు కూడా అచ్చు సిరా చలవే!

చిత్తుకాగితాన్ని పెద్ద తొట్టిలో నీళ్లు పోసి చిలుకుతారు. పీచు విడిపోయి, మజ్జిగకన్నా పల్చగా అయ్యేదాకా నీళ్లు కలుపుతారు. అందులో నూటికి 95 పాళ్లకు పైగా నీళ్లే. సన్నని జాలీ తొడిగిన అచ్చును దాంట్లో ముంచి, వెనకనుంచి గాలి లాగేస్తారు. నీళ్లు జాలీలోంచి జారిపోతాయి, పీచు మాత్రం అచ్చుకు పట్టుకుంటుంది. ఆ పచ్చి అట్టను పెద్ద కర్మాగారాల్లో వేడిగాలితోనూ, చిన్నచోట్ల ఎండలోనూ ఆరబెడతారు.

విచిత్రమేమంటే, దీనికి జిగురు అక్కర్లేదు. తడి ఆరేకొద్దీ పీచులోని సెల్యులోజ్ పోగులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. నీళ్లు పడితే ఆ పట్టు సడలుతుంది, అందుకే వానలో తడిసిన అట్ట చేతిలోనే విడిపోతుంది.

మన అమ్మమ్మలు పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి బుట్టలు చేసేవారు. వాళ్లకు బిందే అచ్చు!