ట్రాక్టరు జనరేటరుతో ఇంటికి నిలకడైన విద్యుత్తు: వేగం, భారం, భద్రత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపాన తీరం దాటినప్పుడు విద్యుత్ స్తంభాలు నేలకూలి అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో మగ్గాయి. అటువంటి వేళ రైతు ముంగిట సిద్ధంగా ఉండే ఇంజను ట్రాక్టరుదే. దాని పి.టి.ఓ. షాఫ్టుకు ఆల్టర్నేటరును జోడించి విద్యుత్తు పొందడం సులభమే. ఆ విద్యుత్తును నిలకడగా, ప్రాణాపాయం లేకుండా వినియోగించడానికే అవగాహన అవసరం.

వేగ నియంత్రణ

మన గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. నాలుగు ధ్రువాల ఆల్టర్నేటరు నిమిషానికి 1500 చుట్లు తిరిగినప్పుడే 50 హెర్ట్జులు లభిస్తాయి. పి.టి.ఓ. ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు. కనుక వేగాన్ని సుమారు 2.78 రెట్లు పెంచే గేరుబాక్సు గాని, పుల్లీలు గాని నడుమ ఉండాలి. పి.టి.ఓ. వేగం 500కు తగ్గితే పౌనఃపున్యం 46.3 హెర్ట్జులకు పడిపోతుంది; 580కి పెరిగితే 53.7కు చేరుతుంది.

ఆల్టర్నేటరులోని ఏ.వి.ఆర్. పరికరం వోల్టేజిని మాత్రమే సరిదిద్దుతుంది, పౌనఃపున్యాన్ని కాదు. ఇంజను వేగం కొంత తగ్గినా వోల్టుమీటరు 230 చూపుతూనే ఉండవచ్చు. ఆ స్థితిలో ఫ్రిజ్, పంపు మోటార్ల కోర్లలో అయస్కాంత అభివాహం పెరిగి వైండింగులు వేడెక్కుతాయి. అందువల్ల ప్యానెలుపై వోల్టుమీటరుతో పాటు ఫ్రీక్వెన్సీ మీటరు కూడా తప్పనిసరి. భారం పడగానే ఇంజను వేగం కొంత తగ్గడం గవర్నరు సహజ లక్షణం. కాబట్టి భారం లేనప్పుడు చేతి థ్రాటిల్‌ను 52 హెర్ట్జుల వద్ద, అనగా పి.టి.ఓ. వేగం సుమారు 562 వద్ద నిలిపి, ఆపై భారాన్ని ఒక్కొక్కటిగా కలపాలి.

భారం ఎంపిక

మోటార్లు ప్రారంభంలో సాధారణ కరెంటుకు 5 నుండి 7 రెట్లు తీసుకుంటాయి. ఒక హెచ్.పి. పంపు, ఫ్రిజ్, దీపాలు, ఫ్యాన్లు గల ఇంటికి 10 కె.వి.ఏ. ఆల్టర్నేటరు అనుకూలం. కిలోవాటుకు 2 హెచ్.పి. పి.టి.ఓ. శక్తి చొప్పున లెక్కిస్తే దాని పూర్తి భారమైన 8 కిలోవాట్లకు 16 హెచ్.పి. చాలు. ముందుగా పంపును, తరువాత ఫ్రిజ్‌ను, చివరగా దీపాలను కలపాలి.

45 హెచ్.పి. ఇంజనును రాత్రంతా నాలుగు దీపాల కోసం నడపడం డీజిలు వృథా. ఉదయం, సాయంత్రం మూడేసి గంటలు నడిపి ఓవర్‌హెడ్ ట్యాంకు నింపుకొని, ఇన్వర్టరు బ్యాటరీని ఛార్జి చేసుకోవడం మేలు. 12 వోల్టుల బ్యాటరీకి 15 ఆంపియర్ల చొప్పున మూడు గంటలు ఛార్జింగు అందితే, నష్టాలు పోను సుమారు 400 వాట్-గంటలు దక్కుతాయి. 50 వాట్ల దీపాలు, పొదుపు ఫ్యాను ఎనిమిది గంటలు పనిచేయడానికి అది సరిపోతుంది.

భద్రత

జనరేటరు తీగను ఇంటి ప్లగ్గు సాకెట్టుకు నేరుగా కలపడం అత్యంత ప్రమాదకరం. ఆ విద్యుత్తు సర్వీసు తీగ ద్వారా వెనుకకు ప్రవహించి వీధి ట్రాన్స్‌ఫార్మరును చేరుతుంది. 11 కిలోవోల్టులను 433 వోల్టులకు తగ్గించే అదే ట్రాన్స్‌ఫార్మరు, తిరోగమనంలో 11 కిలోవోల్టులను పుట్టిస్తుంది. లైను నిర్జీవమని భావించి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోవచ్చు. కనుక ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ విడదీసే చేంజోవర్ స్విచ్చును అర్హత గల ఎలక్ట్రీషియను చేత ముందే అమర్చించాలి. సరైన ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా ఉండాలి.

540 వేగంతో తిరిగే షాఫ్టు సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. కండువా లేదా చీర చెంగు చిక్కుకుంటే చేయి వెనుకకు తీసుకునే వ్యవధి ఉండదు. షాఫ్టుకు కవచం లేకుండా నడపరాదు. పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది గనుక ట్రాక్టరును కిటికీలకు దూరంగా, ఆరుబయటనే నిలపాలి.

తుపాను హెచ్చరిక వెలువడిన తరువాత ఈ ఏర్పాట్లకు సమయం చాలదు. కోస్తా జిల్లాలలోని విస్తరణ శాస్త్రవేత్తలు సెప్టెంబరు నాటికే గ్రామాలలో ప్రదర్శనలు నిర్వహించి, ముందు చేంజోవర్ స్విచ్చును, ఆపై ఆల్టర్నేటరును రైతులకు పరిచయం చేయడం శ్రేయస్కరం.