చూసి నేర్చుకున్నది కాదు

తండ్రి మెడ విదిలిస్తాడు. కొడుకు కళ్ళు ఆర్పుతాడు. ఆ ఇంట్లో తరం నుంచి తరానికి వచ్చింది ఏమిటి?

"గుంటడు ఆళ్ళయ్య ఏషాలే ఏత్తన్నాడు." కళ్ళు టపటపా ఆర్పే పిల్లాడి గురించి మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అనే మాట. చూసి నేర్చాడు కాబట్టి మాన్పించవచ్చని ఒకటి వేస్తారు. అలా దెబ్బలు తిన్నవాణ్ణి మా వీధిలోనే చూశాను. కొట్టిన కొద్దీ వాడి భుజం మరింత ఎగిరేది.

ఇలా తెలియకుండానే పదే పదే వచ్చే కదలికలను, శబ్దాలను టిక్స్ అంటారు. అవి వంశంలో ఎలా దిగుతాయో రాయమన్నారు సంపాదకులు. గడువు నాలుగు రోజులు. జన్యువుల పేర్లు ఏరుదామని కూర్చున్న నన్ను స్వీడన్ లెక్క ఒకటి కట్టిపడేసింది.

ఆ దేశంలో ఎవరికి ఎవరు పుట్టారో, ఏ జబ్బుకు ఆసుపత్రిలో చూపించుకున్నారో జాతీయ రిజిస్టర్లలో ఉంటుంది. కదలికలు, శబ్దాలు రెండూ ఉండే టూరెట్ సిండ్రోమ్ గానీ, దీర్ఘకాలిక టిక్స్ గానీ ఉన్న 4,826 మందిని పట్టుకుని, వాళ్ళ బంధువులను లెక్కించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఈ సమస్య ఉండే అవకాశం ఇతరులకన్నా 18 రెట్లకు పైగా ఎక్కువ. తాత, మేనమామ, బాబాయి వరసలో నాలుగున్నర రెట్లు. ఇంకా దూరపు చుట్టాల్లో మూడు రెట్లు. రక్తం దూరమైనకొద్దీ అంకె దిగుతోంది.

నన్ను ఆపేసింది మాత్రం మరో వరస. ఒకే తల్లి, వేర్వేరు తండ్రులు. ఈ పిల్లలు ఎక్కువగా తల్లి దగ్గరే, ఒకే ఇంట్లో పెరుగుతారు. ఒకరి కళ్ళార్పు మరొకరు రోజూ చూస్తారు. చూసి నేర్చేదే అయితే సొంత తోబుట్టువులతో సమానంగా రావాలి. రాలేదు. సొంతవాళ్ళలో 17 రెట్లకు పైన ఉన్నది, వీళ్ళలో నాలుగు రెట్ల దగ్గరే ఆగింది. ఇల్లు ఒకటే, సగం రక్తం వేరు. మా అరుగుల మీద తరతరాలుగా సాగిన వాదానికి ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు.

అలాగని ఒక్క జన్యువు మీద నేరం మోపలేం. 2010లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వర్ణించిన కుటుంబంలో తండ్రికీ, ఎనిమిది మంది పిల్లలందరికీ టూరెట్. మెదడులో హిస్టమిన్ అనే రసాయనం తయారీకి అవసరమైన హెచ్‌డీసీ జన్యువులో లోపం కనిపించింది. కానీ అలాంటి ఇళ్ళు చాలా అరుదు. మిగతాచోట్ల ఎన్నో జన్యువులు తలా కాస్త చేయి వేస్తాయి. వాటితో పాటు ఇతర కారణాలూ కలుస్తాయి.

మేనరికాల ఇళ్ళలో "మీ వైపుదా, మా వైపుదా" అన్న తగువుకు అర్థమే లేదు. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో రెండు వైపులూ ఒక్క గడపకే చేరతాయి. కోడలి పుట్టింటిని ఆడిపోసుకునే అత్తగార్లు ఇది గుర్తుంచుకోవాలి. మేనరికం లేని ఇళ్ళలోనూ టిక్స్ వస్తాయి.

చరిత్ర క్లుప్తంగా: 1885లో ఫ్రెంచి వైద్యుడు జిల్ ద లా టూరెట్ తొమ్మిది మంది రోగుల గురించి రాశాడు. ఇది వంశంలో వస్తుందని అప్పుడే అన్నాడు. తర్వాత దశాబ్దాల పాటు మనసులోని అణచివేతలే కారణమన్నారు. 1960లలో హాలోపెరిడాల్ మందు పనిచేయడంతో చూపు మళ్ళీ మెదడు వైపు తిరిగింది.

తండ్రులారా, మీ చిన్నప్పుడు మీకూ ఉందా? ఉంటే ఆ మాట బిడ్డతో చెప్పండి. బెత్తం పక్కన పెట్టండి.

ఇంట్లో తెలుసుకోవలసినవి

టిక్స్ సాధారణంగా 4–6 ఏళ్ళ మధ్య మొదలవుతాయి. 10–12 ఏళ్ళప్పుడు ఉధృతం. యుక్తవయసు దాటేసరికి చాలామందిలో తగ్గుతాయి. అమ్మాయిలకన్నా అబ్బాయిల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కళ్ళార్పు చూసి కంటి డాక్టరు దగ్గరికి, గొంతు సవరింపు విని దగ్గు మందుకు పరుగెత్తడం మామూలే. టిక్‌ను బిడ్డ కాసేపు బిగబట్టగలడు. అంతమాత్రాన కావాలని చేస్తున్నట్టు కాదు. లోపలి నుంచి తుమ్ములా తోసుకొస్తుంది. దాన్ని ముందే పసిగట్టి వేరే కదలికతో ఎదుర్కొనే శిక్షణ మేలు చేస్తుందని 2010లో పిల్లలపై జరిగిన పరీక్షలో తేలింది. అవసరమైతే మందులూ ఉన్నాయి. పిల్లల వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోను చేస్తే తెలుగులో ఉచితంగా సలహా ఇస్తారు.